ఇటలీ మేడకు సవరణ

ఇటలీ దేశం నేను చూడలేదు. ఇక చూస్తానన్న ఆశా లేదు. కానీ రాజోలుకు దగ్గర్లో, వసిష్ఠ గట్టు కింద ఉన్న ఒక ఊరికి ఇటలీని తెచ్చింది మాత్రం నేనే. ఓడ ఎక్కలేదు, విమానం ఎక్కలేదు, కుర్చీలోంచి లేవకుండానే తెచ్చాను. ఆ ఘనకార్యం గురించి మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. సిగ్గు అడ్డొచ్చింది. ఇప్పుడు డెబ్బై దాటాయి కనుక సిగ్గు కూడా నాతోపాటే రిటైరైంది.

నేను దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పంచలో ఒక బల్ల, దాని వెనక నేను. అమ్మేవారూ కొనేవారూ వచ్చి కూర్చుంటే, వాళ్లు చెప్పుకున్న మాటను చట్టం ఒప్పుకునే భాషలోకి మార్చి స్టాంపు కాగితం మీద రాయడం నా పని. ఆస్తి ఎక్కడుంది, ఎలా ఉంది, నాలుగు వైపులా ఏముంది అనేది చివర్లో షెడ్యూలుగా రాస్తాం. చాలామందిమి దాన్ని పాత దస్తావేజు ముందు పెట్టుకుని దించేసేవాళ్లం. మీరిప్పుడు కాపీ, పేస్టు అంటున్నారే, ఆ పని మేం కలంతో చేసేవాళ్లమన్నమాట.

మా గురువుగారికి మాత్రం అది గిట్టేది కాదు. రెండు సెంట్ల స్థలమైనా సరే, సైకిలెక్కి వెళ్లి చూసొచ్చాకే కలం పట్టేవారు. మా పక్క బల్ల దగ్గర స్టాంపులు అమ్మే ఆయన, ‘మీ గురువుగారు స్థలాలకి పెళ్లిచూపులు చూస్తారండీ’ అని నన్ను ఏడిపించేవారు. గురువుగారి రెండో పట్టుదల, దస్తావేజు మొత్తం పార్టీలకు చదివి వినిపించడం. ఒక్క వాక్యం వదిలేవారు కాదు. వినే పెద్దమనుషులు ప్రతి వాక్యానికీ ‘ఆయ్’ అంటూ ఉండేవారు.

ఈ ‘ఆయ్’ గురించి బయటి ప్రాంతాల నుంచి బదిలీ మీద వచ్చే వాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. వాళ్లు దాన్ని ‘ఔను’ అనుకుంటారు. ఔను కూడా. కానీ మా కోనసీమలో ఆయ్ అంటే వింటున్నాను అని, కానివ్వండి అని, మిమ్మల్ని మధ్యలో ఆపడం మర్యాద కాదని ఊరుకున్నాను అని కూడా. కుదరదు అని చెప్పాల్సి వచ్చినా ముందు ఒక ఆయ్ అనేసి ఆ తర్వాత కుదరనివ్వం. ఇదంతా పుట్టినప్పటి నుంచీ తెలిసినవాణ్ణి నేను. తెలిసుండీ బోర్లాపడ్డాను.

ముప్పై ఏళ్లు దాటింది. గురువుగారు రామచంద్రపురంలో మేనకోడలి పెళ్లికి వెళ్లారు. బల్ల నాకు ఒప్పగించారు. నేను అప్పటికే నాలుగైదేళ్లుగా ఆయన దగ్గర రాస్తున్నాను, దస్తూరి బాగుంటుందని పేరు కూడా వచ్చింది. ఆ పేరే నా నెత్తికెక్కి కూర్చుంది.

ఆ పొద్దున ఒక పెద్దాయన మేడ అమ్మడానికి వచ్చారు. దాన్ని మొదట కట్టించింది ఒక కొబ్బరి వర్తకుడు. చుట్టూ అన్నీ తాటాకిళ్లూ మట్టిగోడలూ ఉన్న రోజుల్లో ఆవంలో కాల్చిన ఇటికలతో రెండంతస్తులు లేపాడట. ఇటుకని మా వైపు ఇటిక అంటాం. అందుకని ఊరంతా దాన్ని ఇటికల మేడ అనేవారు. ఆ వర్తకుడి దగ్గర ఈ పెద్దాయన కొన్నారు. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేకపోతున్నానని, కాట్రేనికోన వైపు తన కొబ్బరితోటలో చిన్న పెంకుటిల్లు వేసుకుని అక్కడికి మకాం మారుస్తున్నానని చెప్పారు. కొనేది రొయ్యల చెరువులతో అప్పుడే పైకొస్తున్న ఒక యువకుడు. మెడలో గొలుసు, జేబులో రెండు పెన్నులు.

ఈ కథంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నా ముందున్నది పెద్దాయన పాత దస్తావేజు ఒక్కటే. దాన్ని చెద కొట్టేసింది. షెడ్యూలులో ‘ఇ’ ఉంది, పైన గుడి ఉందో లేదో తెలియని ‘ట’ ఉంది, ఆ తర్వాత శనగగింజంత బొక్క, బొక్క అవతల తల తెగిన ‘ల’, దాని పక్కన ‘మేడ’. మధ్యలో ఏముందో చూడాలంటే ఎదురుగా ఉన్న ఆఫీసులోకి వెళ్లి నకలు తీయించాలి. లేదా గురువుగారిలా సైకిలెక్కాలి. ఆ మేడకి రంగురంగుల అద్దాల కిటికీలున్నాయని ఎవరో అనగా విన్నాను. రంగు అద్దమంటే విదేశమే అనుకునే బుర్ర నాది. ఇక ఆ బొక్క నాకు తలుపులా తెరుచుకుంది.

“ఇటలీ మేడ అనేనాండీ?” అని అడిగాను.

“ఆయ్” అన్నారు పెద్దాయన.

అంతే. ‘ఇటలీ మేడ’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. గురువుగారి పద్ధతి ప్రకారం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని ప్రతి వాక్యానికీ ఆయ్, ఆయ్ అన్నారు. ఇటలీకి కూడా అదే ఆయ్. సంతకాలైపోయాయి, రిజిస్టరైపోయింది.

వారం తర్వాత గురువుగారు వచ్చి నేను రాసినవన్నీ తిరగేశారు. ఇటలీ దగ్గర ఆగారు. ఏమీ అనకుండా ఆఫీసులోకి వెళ్లి పాత పుస్తకం తీయించి చూసుకొచ్చారు.

“ఇటికల మేడోయ్ అది. ఇవాళే కాట్రేనికోన వెళ్లి, పెద్దాయన కాళ్ల మీద పడి, సవరణ దస్తావేజు రాయించు. ఒక పూట పని” అన్నారు.

ఒక పూట పనే. కానీ తప్పు చేశానని ఒప్పుకోవడానికి ఒక పూట ఎక్కడ దొరుకుతుంది? రేపు వెళ్తానన్నాను. తర్వాత కోతలన్నాను, వానలన్నాను. గురువుగారు రెండు మూడుసార్లు అడిగి మానేశారు. ఏడాది తిరక్కుండానే ఆ పెద్దాయన కాలం చేశారని తెలిసింది. నిజం చెబుతున్నాను, ఆ వార్త విన్నప్పుడు నా గుండెలో మొదట కలిగింది విచారం కాదు, ఊరట. ఇక వెళ్లక్కర్లేదు కదా అని. తప్పు చేసినందుకు కాదు, ఆ ఊరటకు నేను సిగ్గుపడాలి.

ఇంతలో ఆ రొయ్యల ఆసామి దస్తావేజు చదువుకున్నాడు. తను కొన్నది మామూలు మేడ కాదు, ఇటలీ మేడ! ఆ మాటకి తగ్గట్టు ఇంటిని తీర్చిదిద్దడం మొదలుపెట్టాడు. జొన్నాడ నుంచి మేస్త్రీలను పిలిపించి, ఒక క్యాలెండరు బొమ్మ చేతికిచ్చి ఇలా కట్టమన్నాడు. ఇటికలన్నీ సున్నం కింద మాయమయ్యాయి. ముందు ఎనిమిది తెల్ల స్తంభాలు లేచాయి. నేలకి పాలరాయి పరిచారు. గేటుకి అటూ ఇటూ సింహాలు పెట్టించాడు గానీ, మేస్త్రీ సింహాన్ని చూసినవాడు కాదు కనుక అవి జూలున్న మేకల్లా వచ్చాయి. ఒకరోజు మిఠాయి పొట్లం పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చి, “తమరు రాసేదాకా ఆ మేడ గొప్పతనం ఎవరికీ తెలీదండి” అన్నాడు. స్టాంపులాయన పక్కన దగ్గినట్టు నవ్వారు. నేను ఆ మిఠాయి తిన్నాను కూడా.

అలా నా తప్పు పాతికేళ్లకు పైగా తెల్లగా నిగనిగలాడుతూ గోదావరి వైపు చూస్తూ నిలబడింది. ఆటోవాళ్లకి అది గుర్తు, పెళ్లి ఫొటోలకి అది వెనక తెర. తర్వాత రొయ్యలకి తెగుళ్లు తగిలాయి, ఆసామి చెరువులు వదిలేసి రామచంద్రపురంలో ధాన్యం వ్యాపారంలోకి దిగాడు, మేడ అమ్మకానికి పెట్టాడు. అప్పటికి నేను బల్ల ఎత్తేశాను. ఆ మూడో దస్తావేజు నా దగ్గర పని నేర్చుకున్నవాడే కంప్యూటర్లో తీశాడు. నా షెడ్యూలునే నమ్మకంగా దించాడు. శిష్యుడంటే అలా ఉండాలి మరి.

కొన్నావిడ కువైటులో వంటమనిషి. సముద్రపు ఒడ్డున వేట చేసుకునే కుటుంబం. పందొమ్మిదేళ్లు అక్కడ ఒకే ఇంట్లో వండి పెట్టి, ఇటికైతే ఇటిక, ఇటలీ అయితే ఇటలీ, తనకంటూ ఒక ఇల్లు ఉండాలని ఆ మేడ కొంది. తనలాగే తిరిగొచ్చిన మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి కింద భాగంలో వంటశాల పెట్టుకుని, పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ వండి పంపాలని ఆలోచన.

ఆవిడ ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నా దస్తావేజు.

“బాబాయిగారండి, ఇది తమరు రాసిందేనాండీ?”

గుర్తులేదమ్మా అనొచ్చు. డెబ్బై ఏళ్లవాణ్ణి, ఎవరైనా నమ్ముతారు. కాగితం తీసుకుని చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు.

“నేనేనమ్మా” అన్నాను.

అప్పుడు చెప్పింది. పాత పెద్దాయనకి ఒకే మనవడు, కాట్రేనికోనలో రొయ్యల మేత వ్యాపారం. పంచాయతీలో ఇంటి పన్ను ఈవిడ పేరు మీదకి మార్చబోతుంటే అతను అభ్యంతరం పెట్టాడు. మా తాతగారు కొన్నది ఇటికల మేడ, దాన్ని ఎవరికీ అమ్మిన కాగితం లేదు, ఇటలీ మేడ ఏదో మాకు తెలీదు, ఆ ఇల్లు మాది అని. పన్ను మారలేదు. పన్ను మారకపోతే వంటశాలకి లైసెన్సు లేదు, బ్యాంకువాళ్లు అప్పుకని వెళ్తే లోపలికి రానివ్వలేదు.

“ప్లీడరుగారు గెలుస్తావమ్మా అన్నారండి. కానీ పదేళ్లు పడుద్దంటండి. నాకు సెలవు నలభై రోజులే ఇచ్చేరండి. ఇది తేలితే ఇంక ఎల్లను. తేలకపోతే మళ్లీ ఎల్లి ఆ పొయ్యి దగ్గరే నిలబడాలండి.” చేతులు చూపించింది. మణికట్టు దాకా నూనె చిందిన మచ్చలు. “ఒంట్లో ఓపిక అయిపోయిందండి బాబాయిగారూ.”

“మనవడి సంతకం నేను తెస్తాను” అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చాక నాకే భయమేసింది.

ఆవిడ వెళ్లాక మా ఆవిడ బయటకొచ్చింది. “అప్పుడు వెళ్లమంటే మోకాళ్లున్నాయి, వెళ్లలేదు. ఇప్పుడు మోకాళ్లు లేవు, వెళ్తారట” అంది. అని, మర్నాడు పొద్దున్నే లేచి పెరుగన్నం కట్టిచ్చింది.

రాజోల్లో బస్సెక్కి అమలాపురం, అక్కడ మారి కాట్రేనికోన. మనవడి దుకాణం బస్టాండుకి దగ్గరే. నలభై అయిదేళ్లుంటాయి, చల్లని మనిషి. కుర్చీ వేశాడు, బొండం కొట్టించాడు. నేను వచ్చిన పని చెప్పి, ఇటలీ అన్నది రాతలో పొరపాటనీ, సవరణకి వారసుడిగా ఆయన సంతకం కావాలనీ అడిగాను.

“ఆయ్. తప్పకుండానండి మేస్టారండీ. చూద్దామండి” అన్నాడు.

రెండోరోజు వెళ్లాను. “ఆయ్, మా ఆవిడతో ఒక మాటనుకుని చెప్తానండి.” నాలుగోరోజు, “ఆయ్, చెరువుల్లో ఈ రొయ్యల పట్టుబడులైపోనివ్వండి.” ఏడోరోజు బొండం ఇచ్చి, నా గొడుగు చిరిగిందని చూసి కొత్త గొడుగు తెప్పించి పెట్టాడు. సంతకం మాత్రం పెట్టలేదు. కోప్పడితే నేనూ కోప్పడేవాణ్ణి. పొమ్మంటే కూర్చునేవాణ్ణి. ఇంత మర్యాదని ఏం చేయగలం? తిరుగు బస్సులో పళ్లు నూరుకునేవాణ్ణి. అయినా మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే సీటు. కండక్టరు టికెట్టు కొట్టే ముందు ఊరి పేరు అడగడం మానేశాడు. ఆవిడ సెలవులో మరో పదిహేడు రోజులు గడిచాయి. పెద్దాయన దగ్గరకి ఒక పూట వెళ్లనివాణ్ణి, ఆయన మనవడి దగ్గరకి ఎన్ని పూటలైనా వెళ్తాను అనుకున్నాను. ఆ పట్టుదల ముందే ఉంటే ఎంత బాగుండేది!

పద్దెనిమిదో రోజు దుకాణం మూసి ఉంది. అతనికి జ్వరమట. ఇల్లు ఎక్కడో కనుక్కుని వెళ్లాను. పెద్దాయన కట్టుకున్న పెంకుటిల్లే. అతని భార్య లోపలికి రమ్మని, నడవలో ఉన్న ఉయ్యాల బల్ల మీద కూర్చోమంది. నల్లగా నిగారించిన టేకు బల్ల, నాలుగు ఇత్తడి గొలుసులు.

“బాగుందమ్మా బల్ల” అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

“తాతగారిదండి. ఇటికల మేడలోంచి విప్పించి తెచ్చుకున్నారంటండి. ఆయన పోయేదాకా దీని మీదే పడుకునేవారంట” అంది.

నేను లేచి నిలబడ్డాను. ఆ దస్తావేజు నకలు పద్దెనిమిది రోజులుగా నా సంచిలో తిరుగుతోంది. ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. తీసిన ప్రతిసారీ నా కళ్లు ఇటలీ దగ్గరే ఆగిపోయేవి. దాని కింద ఏం రాశానో చూడనే లేదు.

మనవడు దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. నకలు అతని చేతికిచ్చి, “మీరే పైకి చదవండి బాబూ, షెడ్యూలు నుంచి” అన్నాను. చదివాడు. ఇటలీ మేడ దాటాడు, హద్దులు దాటాడు. చివరి వాక్యం దగ్గర గొంతు నెమ్మదించింది.

‘సదరు మేడ నడవలోని టేకు ఉయ్యాల బల్ల, ఇత్తడి గొలుసులు నాలుగు మినహా.’

రెండోసారి చదువుకున్నాడు. తలెత్తి బల్ల వైపు చూశాడు. ఇటికల మేడలోంచి వచ్చిన బల్లని ఇటలీ మేడ అమ్మకంలో మినహాయించారంటే ఆ రెండు మేడలూ ఒకటే. నేను చెప్పక్కర్లేదు, వ్యాపారస్తుడు.

“మరి ఇటలీ అని ఎందుకు రాసేరండీ?” అన్నాడు.

పద్దెనిమిది రోజుల్లో అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నాకు అప్పుడే తెలిసింది, నేను ఇన్నాళ్లూ సంతకం అడిగాను గానీ నిజం చెప్పలేదని. ‘రాతలో పొరపాటు’ అన్నాను. ఎవరి రాతో అనలేదు. ఇప్పుడు చెప్పాను. చెద బొక్క, నా దస్తూరి గర్వం, నకలు తీయించని బద్ధకం, మీ తాతగారు మర్యాదకి అన్న ఆయ్‌ని నేను ఔననుకోవడం, గురువుగారు వెళ్లమన్నా వెళ్లకపోవడం, ఆయన పోయారని తెలిసి హాయిగా ఊపిరి పీల్చుకోవడం. అది కూడా చెప్పాను. చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమైపోయేటట్టు అనిపించింది.

అతను గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. “ఎవరో మా తాతగారిని మోసం చేసి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని మా నాన్నగారు పోయేదాకా అనేవారండి. ఇల్లు కోసం కాదండి మేస్టారండీ. ఆయన ఏం అమ్మేరో ఆయనకే తెలీదంటే, అది... మా తాతగారు అలాంటి మనిషి కాదండి.”

“కాదు బాబూ. బల్ల మినహా అని దగ్గరుండి రాయించుకున్న మనిషి. ఏం అమ్ముతున్నారో ఆయనకి బాగా తెలుసు. తెలీంది నాకు.”

“అయితే అదే రాయండి” అన్నాడు. “సంతకం పెడతానండి.”

సవరణ దస్తావేజుల్లో ఒక అలవాటైన మాట ఉంటుంది, ‘ఉభయ పార్టీల పొరపాటు వలన’ అని. తప్పుని అందరికీ పంచేసి ఎవరికీ అంటకుండా చేసే మాట. నా జీవితంలో కొన్ని వందలసార్లు రాశాను. ఈసారి శిష్యుడి దగ్గర కూర్చుని, అమ్మినవారికి ఆస్తి వివరం పూర్తిగా తెలిసియున్నదనీ, తప్పు కేవలం దస్తావేజు లేఖరినైన నాదేననీ చెప్పి టైపు చేయించాను.

“మేస్టారండీ, ఇలా ఎవరూ రాయరండీ” అన్నాడు వాడు.

“అందుకే నువ్వు రాయి.”

రొయ్యల ఆసామి సంతకం కూడా కావాలి. రామచంద్రపురం నుంచి ఫోను చేయగానే వచ్చాడు. “అయితే అది ఇటలీది కాదాండీ!” అని నిజంగానే బాధపడ్డాడు. ఎనిమిది స్తంభాల మనిషి, బాధపడడా మరి.

రిజిస్ట్రేషను రోజున ఆఫీసు వరండాలో అందరినీ బెంచీ మీద కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాను. మొదటి వాక్యం కాగానే ఆసామి ఆయ్ అన్నాడు. ఆపేశాను. “ఇవాళ ఆయ్‌లు చెల్లవండి. నేనేం రాశానో చివర్లో ఎవరికి వారు సొంత మాటల్లో చెప్పాలి” అన్నాను. శిష్యుడు మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు.

పూర్తిచేశాను. ఆసామి ముందు చెప్పాడు, మేడ ఇటికలదేనని, కొంచెం అలిగినట్టు. మనవడు, తన తాతగారు తెలిసే అమ్మారని రాశారనీ, అది నిజమనీ చెప్పాడు. ఇంకోసారి చెప్పాడు. ఆవిడ వైపు తిరిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

“చెప్పమ్మా. ఏం రాశాను?”

కొంగు తీసింది.

“ఇంక నేను తిరిగి ఎల్లక్కర్లేదని రాసేరండి.”

ఆ మాట అందులో ఎక్కడా లేదు. నేను సవరించలేదు.